వెనక కుడి పెట్టె

14 సెప్టెంబరు 2008, ఆదివారం

స్పీకరు పెట్టెలు వచ్చేసినాయి! అయిదు చిన్నవి, ఒకటి లావుది. తమ్ముడు రాము విరుదునగర్‌లో వాడు పనిచేసే కంప్యూటర్ అంగట్లోనే కట్టి, మామ బస్సులో ఎక్కించినాడు. కోవిల్‌పట్టి బస్టాండులో దించింది మామే, ఆటోలో ఇంటికి తెచ్చింది మామే. డ్రైవరూ ఆయనే, కూలీ ఆయనే, నా మొగుడూ ఆయనే. అమ్మ తమ్ముణ్ణి కట్టుకుంటే ఇదే సుకం. అత్త అని ఒకతి ఉండదు, మన అవ్వే ఉంటాది.

మామ: ఇదేమే పాపా, పెండ్లికి మైకు సెట్టా?
అవ్వ: మనిసికి రెండు చెవులే గదా ఉండేది. ఆరు పెట్టెలు ఎందుకు?

చూస్తారు, చూస్తారు. ఈ వీదిలో ఎవరింట్లోనూ లేని శబ్దం ఈ ఇంట్లో వినిపిస్తాను.

15 సెప్టెంబరు

తిరుత్తంగల్ ప్రెస్సుకి కంప్యూటర్లో వేసి పంపాల్సిన అగ్గిపెట్టె లేబుళ్ళు పొద్దున్నే ముగించేసినా. నెమలి తోక రంగు మార్చమని మళ్ళీ అడుగుతారు, అడగనీ. మద్యాన్నం నించి వైర్లే వైర్లు.

ఆకుపచ్చది ముందు పెట్టెలకి. నల్లది వెనక పెట్టెలకి. నారింజది నడిమి దానికీ లావుదానికీ. ముందువి మానిటరుకి అటూ ఇటూ. వెనక ఎడమది బీరువా మీద. వెనక కుడిది కిటికీ పక్కన మేకుకి. నడుమన మామ కుర్చీ. కుర్చీ అంటే కుర్చీ కాదు — పాత బస్సు డ్రైవర్ సీటు, షెడ్డులో పారేస్తుంటే తెచ్చి చెక్క కాళ్ళు కొట్టించుకున్నాడు. బస్సు దిగి ఇంటికొచ్చి మళ్ళీ బస్సు సీట్లోనే కూచుంటాడు. ఏమి మనిసో.

మొదట మాటలన్నీ లావు పెట్టెలోనించి గుమ్ గుమ్ అని వచ్చినాయి. అవ్వ జడుసుకుంది. ఒక పిన్ను తప్పు. మార్చినా. సరి.

18 సెప్టెంబరు

అబ్బా! చేతి మీద వెంట్రుకలు నిలుచుకున్నాయి.

రాము ఇచ్చిన డిస్కులో ఒక రైలు ఉండాది. వెనక కుడి మూలలోనించి వస్తాది, వీపు పక్కగా పోతాది, ముందు ఎడమ పక్కన మాయమవుతాది. సీట్లో కూచుంటే పట్టాల మీద కూచున్నట్టే. నాకే తెలీకుండా తల వెనక్కి తిరిగిపోయింది.

శబ్దం సరి. బొమ్మే సరిలేదు. చిన్న సైజు వీడియో నీళ్ళలాగా పోతుండాది, పెద్ద సైజుది పెడితే నిలిచి నిలిచి పోతాది. మాట ముందు, నోరు వెనక. రాము ఫోనులో — "చిన్నదే పెట్టుకో అక్కా, ఎవరికి తెలస్తాది."

నాకు తెలస్తాది. వదల్ను.

21 సెప్టెంబరు, ఆదివారం

కొత్త గ్రాఫిక్స్ కార్డు విరుదునగర్‌లో బస్సెక్కి కోవిల్‌పట్టిలో దిగింది. మామ దాన్ని సీటు కింద పెట్టలేదంట — ఇంజను వేడికి చెడిపోతాదేమోనని కండక్టరు ఒళ్ళో పెట్టించినాడంట. ఎంత పొగరుగా మాట్లాడినా ఇట్లాంటిది ఒకటి చేస్తాడు మామ.

అవ్వ కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో కేబినెట్టు విప్పినా. పాతది పీకి కొత్తది గుచ్చినా. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేలోపల కరెంటు పోయింది. రెండు గంటలు విసనకర్ర. కరెంటు వచ్చింది, ఎక్కించినా, పెద్ద వీడియో పెట్టినా...

పోతుండాది. తడబాటు లేదు. ఆకు మీద వాన చుక్క, చుక్కలో ఆకాశం. అవ్వ అద్దాలు పెట్టుకొని మానిటరు దగ్గరికి వచ్చి — "ఆ ఆకులో నరాలు కూడా తెలస్తాయే! మన చెట్టు ఆకులో నాకు తెలీదే." నేను గెలిచేసినా.

22 సెప్టెంబరు

వీదంతా వచ్చింది. ఒక్కొక్కర్ని మామ సీట్లో కూచోబెట్టి రైలు పోనిచ్చినా. టీచరమ్మ తల తిప్పింది. పాలాయన తల తిప్పినాడు, లేచి కిటికీ బయట కూడా చూసినాడు. చర్చి వీది మేరీ అక్క "ఏసయ్యా" అని కాళ్ళు సీటు మీదికి పెట్టుకుంది. అందరూ వెనక్కి తిరిగినారు.

తిరగనిది మామ ఒక్కడే. నేరుగా ముందుకే చూస్తా కూచున్నాడు. "డ్రైవరు గదా, రోడ్డు మీదనించి కన్ను తీయడు" అన్నా. అందరూ నవ్వినారు. మామ కూడా.

30 సెప్టెంబరు

కరెంటు లేదు. లేబుళ్ళు లేవు. రైలు లేదు. దోమలు ఉండాయి.

9 అక్టోబరు

నిన్న ఆయుధ పూజ. పెన్ను, పుస్తకం, ఈ నోటు కూడా పూజలో ఉండింది, రాయలేదు. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేది అరవమే. చిత్తూరు హాస్టల్లో ఉండింది కాబట్టి నాకొక్కదానికే ఈ అచ్చరాలు వస్తాయి. అవ్వ నోటుకి బొట్టు పెట్టి — "ఇది లెక్క బుక్కా?" ఆమా అవ్వా, లెక్కే.

మామ బస్సుకి అరటి చెట్లు, పూల దండలు, అద్దం మీద గందం మూడు పట్టీలు. మామ కూడా కొత్త పెండ్లికొడుకు లెక్క ఉన్నాడు. నేను అది చూడ్డానికి బస్టాండుకి పోతే, ఇంట్లో అవ్వ తన పని చేసింది. కుట్టుమిషను, కత్తిపీట, రోలు, కంప్యూటరు — ఆపైన ఆరు పెట్టెలకీ గందం, కుంకుమ. అది కూడా సుమ్మా, ఊరికే పెట్టిన బొట్టు కాదు. వెనక కుడి పెట్టెకి చెయ్యి అందక స్టూలు ఎక్కి, బొటనవేలితో నట్టనడుమ, శబ్దం వచ్చే చోటే, అదిమి పెట్టింది!

ఈ పొద్దు మిషన్లకి మళ్ళీ పని మొదలు పెట్టే రోజు. పెట్టెల్లో ష్ష్ అనే శబ్దం ఒక్కొక్కటిగా తిప్పే టెస్టు ఒకటి ఉండాది — ముందు ఎడమ, నడిమి, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. సాయంత్రం మామ సీట్లో కూచున్నాడు, నేను కంప్యూటరు దగ్గర. మామ చెప్పినాడు: "వెనక కుడి పెట్టె మూగబోయింది పాపా."

"అవ్వా! నీ గందం!"
"సామికి పెట్టిన గందం ఎట్లా చెడుపుతాదే?"
ఎట్లా చెడుపుతాదో నేను చూపిస్తా.

10 అక్టోబరు

దూదితో తుడిచినా. పొడి గుడ్డతో తుడిచినా. జాలీ తీసి లోపల ఊదినా. గందం అంతా పోయింది, వాసన మాత్రం ఉండాది. నేను సీట్లో కూచున్నా — పలుకుతాది. చక్కగా. మామ కూచున్నాడు — "లేదే."

నేను కూచుంటే పలుకుతాది, మామ కూచుంటే పలకదు. ఇదేమి మాయ!

కనిపెట్టేసినా: సీటు చెక్క కాలు వైరు మీద ఉండాది. నా బరువుకి ఏమీ కాదు, మామ బరువుకి వైరు నలుగుతాది. వైరు తీసి గోడంచున వేసినా.

"లేదే" అన్నాడు మళ్ళీ.

12 అక్టోబరు, ఆదివారం

పెట్టెని విరుదునగర్ పంపినా. ఒంటరిగా, బస్సులో, గుడ్డ చుట్టి. సాయంత్రం ట్రిప్పులో తిరిగి వచ్చింది. రాము — "పెట్టె బంగారం అక్కా. దీనికేమీ రోగం లేదు. గందం వాసన మాత్రం బాగుండాది, అంగడంతా గుడిలాగా ఉంది."

మళ్ళీ మేకుకి తగిలించినా. మామ: "రాము ఊరికే అంటాడు. పలకదు."

నేను మామ మీద విసుక్కున్నా. నా వైరింగులో తప్పు లేదు. నాకు తెలుసు, తప్పు లేదు.

13 అక్టోబరు

ఎడమ పెట్టె తెచ్చి కుడి మేకుకి, కుడి పెట్టె బీరువా మీదికి. వైర్లు కూడా మార్చినా. ఇప్పుడు చెడిన పెట్టె ఎడమ పక్కన ఉండాల గదా.

"ఎడమది బాగుంది. కుడిదే లేదు" అన్నాడు మామ.

శబ్దం పెంచినా. "ఆ, ఇప్పుడు వస్తుంది... కాని ఎడమ పక్కనించి వస్తుండాది. ఏమి కట్టినావే పాపా, అంతా తలకిందులు."

తలకిందులు కట్టే మనిసినా నేను? అన్నం పెట్టలేదు మామకి. అవ్వ పెట్టింది.

14 అక్టోబరు

పెట్టెలన్నీ మార్చి అయింది. మార్చకుండా మిగిలింది సీటు ఒక్కటే. ఈ పొద్దు సీటు తిప్పినా. మానిటరుకి వీపు చేసి, మొకం వెనక గోడకి.

"ఇదేమి, బొమ్మ చూడకుండా?"
"శబ్దం ఒకటే మామా. చెప్పు."

టెస్టు పెట్టినా. కిటికీ పక్క పెట్టె, ఇన్ని రోజులుగా చచ్చిన పెట్టె — "ఆ! పలికింది! బాగుచేసేసినావే!" సంతోషంగా తొడ మీద కొట్టుకున్నాడు. తరవాత మానిటరుకి ఎడమ పక్కన ఉండే పెట్టె. నిన్నటి దాకా దాని మీద ఒక్క మాట అనలేదు. అది ఇప్పుడు మామకి వెనక కుడి పక్క.

"ఇప్పుడు అది పోయిందే..."

పెట్టెలో ఏమీ లేదు. వైరులో ఏమీ లేదు. గందంలో ఏమీ లేదు.

15 అక్టోబరు

మామ పేపరు చదువుతా ఉంటే వెనకనించి పోయి కుడి పక్కన నిలబడి మెల్లగా — "మామా, నిన్నే."

పేపరు తిప్పినాడు.

ఎడమ పక్కకి పోయి అదే మాట, అంతే మెల్లగా. "ఏమే?"

ఏడుపు వచ్చేసింది. చూసేసినాడు. పేపరు మడిచినాడు.

"ఎప్పటినించి మామా?"
"కిటికీ పక్క చెవి గదా పాపా... గాలి, దుమ్ము, లారీ హారన్లు... కొంచెం కొంచెంగా."
"తెలిసే బండి తోలుతుండావా?"
"అద్దం ఉండాది. కండక్టరు విజిల్ ఉండాది. కన్ను ఉండాది. చెవితో ఎవరన్నా బండి తోలుతారా?"

దాటుకొని పొయ్యే బండ్లన్నీ ఆ కుడి పక్కనే గదా మామా. అనలేదు. అనకుండానే తెలుసు ఆయనకి.

17 అక్టోబరు, శుక్రవారం

మామకి చెప్పకుండా మామ బస్సే ఎక్కినా. డ్రైవరు వెనక సీటు. టికెట్టు కొట్టేటప్పుడు కండక్టరు నవ్వి చెప్పబోతే కళ్ళతోనే వద్దన్నా.

మామ తోలే తీరు చూడాల. స్టీరింగు మీద చెయ్యి అట్లా జారుతాది... నాకు గర్వంగానే ఉండింది, నిజంగా. అద్దంలో చూసుకుంటా, బాటరీ దీపం లెక్క కళ్ళు అటూ ఇటూ. సాత్తూరు దాకా ఒక్క కుదుపు లేదు.

సాత్తూరు దాటినాక ముందర ఒక ఎద్దుబండి. మామ కుడి పక్కకి తిప్పబోయినాడు. వెనకనించి లారీ — హారన్ కొడతానే ఉండాడు, నా గుండెలో కొట్టినట్టు కొడతా ఉండాడు. మామకి వినిపించలేదు. కండక్టరు తలుపు రేకు మీద దబదబా బాది "అన్నే! వలదు!" అని, కుడి పక్క చూడమని, అరవంలో అరిచినాడు. మామ స్టీరింగు ఎడమకి లాగినాడు. లారీ అద్దం పక్కగా తుడిచినట్టు పోయింది.

నా పక్కన కూచున్న ఆమె వేరుసెనక్కాయలు ఒలుస్తా ఉంది. ఒలుస్తానే ఉంది. ఆమెకి ఏమీ తెలీదు. బస్సు నిండా జనం, ఎవరికీ ఏమీ తెలీదు.

విరుదునగర్‌లో రాముకి అంతా చెప్పినా. నూనె పరోటా ఇప్పించినాడు. సగం ఆకులోనే వదిలేసినా. తిరిగి వచ్చేటప్పుడు రైలెక్కినా.

18 అక్టోబరు

పెద్ద గొడవ. ఇంటి కప్పు ఎగిరిపోయేంత.

"నువ్వు పోలీసా? నా వెనక కూచొని వేగు చూసినావా?"
"చూసినా. లారీ కూడా చూసినా."
"ఇన్నేండ్లలో నా బండి కింద ఒక కోడిపిల్ల పడిందా? చెప్పు!"
"పడలేదు మామా. పడకూడదనే చెప్తుండాను."
"బండి దిగితే నేను ఎవడే పాపా? పేపరు చదివే ముసిలోడా?"

అదీ బాద. అన్నానికి కాదు. నా లేబుళ్ళతో ఇల్లు గడుస్తాది, ఆయనకీ తెలుసు. బస్టాండులో "డ్రైవరన్నా" అని పిలిచే ఆ పిలుపు...

అవ్వ తలుపు దగ్గర నిలబడి వింటా ఉండి, కొడుకు దగ్గరికి వచ్చి కుడి చెవి మీద చెయ్యి పెట్టింది. "పిలిస్తే పలకడే, నా కొడుక్కి పొగరెక్కింది అనుకుంటినేరా. ఎన్నిసార్లు తిట్టుకుంటినో." మామ తల వంచుకున్నాడు.

కడాన ఒప్పుకున్నాడు. నడుము నొప్పి అని బస్సు ఓనరుకి ఫోను చేసినాడు. విరుదునగర్ చెవి డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు. ఆపైన ఆయనే, ఎవరూ అడక్కుండానే, కిటికీ దగ్గర పెట్టె వైపు వేలు చూపించి — "ఆ పెట్టె వినబడిన రోజు బండి ఎక్కుతా. వినబడలేదా, ఎక్కను. జక్కమ్మ తల్లి మీద ఆన."

సరి మామా. పెట్టె అబద్దం చెప్పదు.

20 అక్టోబరు

డాక్టరు లైటు పెట్టి చూసినాడు. గుబిలి చాలా ఉండాదంట, చుక్కల మందు ఇచ్చినాడు. "నరం సంగతి మిషన్ పెట్టి చూసినాకే చెప్తా, దీపావళి పోయినాక రండి."

మామ బయటికి రాగానే: "చూసినావా? గుబిలే! ఎంత భయపెట్టినావే నన్ను!"

డాక్టరు 'నరం' అనింది కూడా చెప్పినాడు. ఎడమ పక్కనించే చెప్పినాడు. మామ వినలేదు.

22 అక్టోబరు

చుక్కలు వేస్తుండాను, పొద్దునా సాయంత్రమూ. దూది పెడితే తల వంచి అట్లానే ఉంటాడు, అవ్వ ఒళ్ళో చిన్న పిల్లోడు లెక్క.

ఇంట్లో ఉండి ఏమి చేయాలో తెలీదు మామకి. మౌస్ పట్టడం నేర్పినా. నేర్చుకున్నాడు! పెద్ద వీడియో తనే పెట్టుకుంటాడు, ఆకు మీద చుక్క చూస్తాడు. "ఇంత తేటగా నా బండి అద్దంలో కూడా కనపడదే" అన్నాడు. తరవాత ఆ టెస్టు. పొద్దంతా ఆ టెస్టే. ష్ష్... ష్ష్... నేను పక్క గదిలో బియ్యం ఏరుకుంటా వింటా ఉంటా. ముందు ఎడమ, నడిమి, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. మళ్ళీ మొదటినించి. ముగ్గేసినట్టు ఒకటే వరస.

24 అక్టోబరు

ఓనరు ఫోను. దీపావళి జనం, ఎక్స్‌ట్రా ట్రిప్పులు, శివకాశికి పటాసులు కొనడానికి పొయ్యేవాళ్ళు వేరే. "ఆదివారం వస్తావా, వేరే ఆళ్ళని పెట్టుకోవాల్నా?" మామ నా మొకం చూసినాడు. నేను పెట్టె వైపు చూసినా.

"రేపు సాయంత్రం చూస్తాం పాపా" అన్నాడు. భయం లేదు మొకంలో. చుక్కల మందు మీద అంత నమ్మకం.

నాకు మాత్రం లేదా? ఉండాది. వినబడాల. వినబడితే ఈ వీదంతటికీ నేనే బెల్లం అదిరసాలు పంచుతా.

25 అక్టోబరు, శనివారం

రాసేస్తా, మనసులో పెట్టుకోలేను.

సాయంత్రం. పొయ్యి మీద అవ్వ అదిరసాలు వేస్తా ఉంది. రాము కూడా పండక్కి వచ్చి ఉండాడు. మామ తలకి స్నానం చేసి, విబూది పెట్టుకొని, సీట్లో కూచున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "పెట్టు. వచ్చిన పక్కకి చెయ్యి ఎత్తుతా."

నేను వైరింగు చేసే మనిసిని. ఏదైనా ఒక్కటి పీకి చూడకుండా దేన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. మొదట పీకి ఒకసారి, ఆపైన గుచ్చి ఒకసారి, అప్పుడే తెలస్తాది. మామ కళ్ళు మూసుకోగానే కిటికీ దగ్గరికి పోయి ఆ పెట్టె వైరు పీకి చేత్తో పట్టుకున్నా. రాము చూసినాడు. టెస్టు నడవనిమ్మని వాడికి సైగ చేసినా.

ష్ష్... మామ ఎడమ చెయ్యి ముందుకి. సరి.
నడిమిది. సరి.
ముందు కుడి. కొంచెం ఆలోచించి, సరి.

తరవాత ఏమీ లేదు. గదిలో శబ్దమే లేదు, అవ్వ నూనె చిటపట తప్ప.

మామ కుడి చెయ్యి ఎత్తినాడు. వెనక్కి, కిటికీ వైపు, నేను నిలబడిన చోటికే నేరుగా వేలు చూపించినాడు. కళ్ళు మూసుకొనే నవ్వినాడు. "వచ్చింది! మెల్లగా వచ్చింది, కాని వచ్చింది పాపా!"

లేచి అవ్వని పట్టుకున్నాడు. అవ్వ వేడి వేడి అదిరసం తుంచి నోట్లో పెట్టింది, జక్కమ్మకి కళ్ళలో నీళ్ళతో దండం పెట్టింది. రాము బయటికి పోయినాడు. మామ అప్పుడే ఫోను ఎత్తి ఓనరుతో — "రేపు మొదటి ట్రిప్పు నాదే మొదలాళీ."

అబద్దం ఆడినాడా? జక్కమ్మ మీద ఆన పెట్టి అబద్దం ఆడే మనిసి కాదు మామ. మొకం చూసినా కదా, అది నిజంగా విన్నవాడి మొకం. అన్ని రోజులు అదే వరస విని విని, ఆ వంతు వచ్చేసరికి లోపలే మోగిందేమో. తెలీదు. ఇది రాస్తుంటే కూడా తెలీదు.

వైరు ఇంకా గుచ్చలేదు. నోటు పక్కనే పెట్టుకొని ఉండాను. రాము గడపలో కూచొని ఉండాడు, "నువ్వే చెప్పాల అక్కా" అని ఒకటే మాట. నేనే చెప్పాల. ఈ ఇంట్లో పెట్టెలు తెచ్చింది నేను, పెట్టె అబద్దం చెప్పదు అనింది కూడా నేనే.

మామ కాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుండాడు. పాట కూడా పాడుతుండాడు. ఇప్పుడే లేచి పోయి కుడి పక్కన నిలబడి పిలిచి వచ్చినా. మామా, అని. గట్టిగానే. కాలరు తిప్పి ఇస్త్రీ చేస్తానే ఉండాడు.

వైరు చేత్తో పట్టుకొని మామ ఎడమ పక్కకి పోతుండాను.